గుల్లల బుట్టలకు వేసిన ఎర్ర రంగు

తొంభైల్లో ఒక వానాకాలం ముందు, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టర్‌కి ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేసే ఒకమ్మాయి సైకిల్ మీద వచ్చింది. వరంగల్ పిల్ల. దిఘా దగ్గర సముద్రంలో బతికున్న గుల్లలు వేలాడదీయడానికి ఇనుప బుట్టలు కావాలంది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌ని కదా, ఎవరో నా గుమ్మం చూపించారు.

"గుల్లలు నీళ్లను వడగట్టుకొని తింటయి బాబాయ్. నీళ్లల్ల విషముంటే వాటి ఒంట్ల నిలుస్తది. తుఫాను కొట్టినంక తీసి పరీక్ష చేస్తే, సముద్రంల ఏం కలిసిందో తెలుస్తది."

ఇంత సంగతి ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పనందుకు ముందు కోపం వచ్చింది. బడి నన్ను ఐదో తరగతితోనే వదిలేసింది. మిగతాదంతా పాత పుస్తకాల్లో నేనే వెతుక్కున్నాను. ఆరు బుట్టలు చేశాను. ఉప్పునీటికి తుప్పు పట్టకూడదని, ఆమె అడగకపోయినా, ఇనుప దూలాలకు వేసే ఎర్ర రంగు కొని రెండు పూతలు వేశాను.

తుఫాను వచ్చి పోయింది. ఆమె బుట్టలు మరమ్మతుకు తెచ్చింది. ముఖం వెలిగిపోతోంది. గుల్లల నిండా సీసమే అట.

"రేపే సెమినార్ బాబాయ్. మా సార్లందరి ముందట చెప్త."

నేను ఊరుకుంటానా? సముద్రంలోకి విషం వదులుతున్నారని ఎగువ కార్ఖానాలను ఉతికి ఆరేస్తూ పత్రికకు ఉత్తరం మొదలుపెట్టాను. అంత మంచి ఉత్తరం మళ్లీ రాయలేదు.

మా ఆవిడ పుట్టిల్లు భీమిలి. గుల్ల కనబడితే చెయ్యి ఊరుకోదు. బుట్ట అడుగున మిగిలిన పెంకు ఒకటి తీసి గోటితో గీకింది.

"ఏటండీ, దీనికి బొట్టెవరు ఎట్టినారు?"

"సముద్రంలో ఏదో అంటుకునుంటాది."

"సముద్రం కాదు. బుట్టలకేసి మిగిల్తే మన కోళ్లగూటికి ఏసినారే, ఆ రంగే ఇది."

కలం ఆగిపోయింది. ఆ రంగు సీసంతో చేసిందే. అన్నం తినే ముందు చేతులు కడుక్కోండిరా అని షాపులో పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి. నోరు మూసుకుంటే ఉత్తరం దక్కుతుంది. కానీ రేపు అందరి ముందూ నిలబడేది ఆ పిల్ల.

సాయంత్రం బుట్టలు తీసుకెళ్లడానికి వచ్చిన ఆ పిల్లకు చెప్పేశాను. ఆమె బుట్ట వంక చూసింది, నా వంక చూసింది, స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"ఇయ్యాలనే తెలిసింది, నయం. బుట్టది తప్పని చెప్త బాబాయ్."

"బుట్టదేటమ్మా," అంది మా ఆవిడ, "సేసినోడిదని సెప్పు."

మరుసటి ఏడు మా ఆవిడే నైలాన్ దారంతో వలసంచులు అల్లింది. నన్ను ముడి కూడా వెయ్యనివ్వలేదు. ఆ ఏటి తుఫాను తర్వాత గుల్లల్లో సీసం వచ్చింది, కానీ కొంచెమే. కొంచెం మాత్రం ఎందుకుండాలి? ఉత్తరం మళ్లీ రాశాను, ఈసారి కార్ఖానాల పక్కన రంగు డబ్బాలను కూడా చేర్చి.

పోస్టు చెయ్యడానికి చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి మా ఆవిడ గొంతు.

"సేతులు కడుక్కునే రాసినారా?"