మా గుమ్మం ముందు రెండుసార్లు

మా ఆయన పేరు కృపారావు అంటే మా ఊళ్లో కూడా ఒక్క క్షణం ఆలోచిస్తారు గాని, మైకు ఆటో కృపారావు అంటే ఐనవిల్లి దాకా చెబుతారు. ఆటో పైన రెండు మైకు గొట్టాలు, వెనక సీట్లో యాంప్లిఫైయరు, ఎడమచేత్తో మైకు, కుడిచేత్తో హ్యాండిలు. ఇరవై ఆరేళ్లుగా ఇదే మా బతుకు. బండారులంక చీరల మీద తగ్గింపు, ఆదివారం నాటుకోడి, ఉచిత కంటి పరీక్షలు, కొత్తగా తెరిచిన బిర్యానీ పాయింటు, మధ్యలో పంచాయతీ వారి ఇంటి పన్ను. అన్నీ ఆ ఒక్క గొంతులోంచే రావాలి. ఆయన పలికే మాటలు రాసిచ్చేది మాత్రం నేను. అంగన్‌వాడీలో పిల్లలకి పాటలు కట్టుకునే అలవాటు ఇలా పనికొచ్చింది.

రాసిచ్చింది రాసినట్టు చదివితే నాకిన్ని బాధలెందుకు? చదవరు. రికార్డు చేసి పెన్‌డ్రైవులో వేసుకోండి, గొంతు అరగదు అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. "రికార్డుకి ఎదురుగా ఉన్న మనిషి కనపడడు కదా రెబెకా" అంటారు. ఈయనకి కనపడతారట. కనపడితే ఏం చేస్తారనుకున్నారు? రామమూర్తి మాస్టారి అరుగు వచ్చేసరికి నాటుకోడి మాట దగ్గర గొంతు తగ్గించేస్తారు. శాకాహారులు, బాధపడతారట! కోళ్ల షాపతను మా ఇంటికొచ్చి, "అమ్మా, సగం వీధికి నా కోడి వినపడటం లేదండి" అని మొరపెట్టుకున్నాడు. డబ్బులిచ్చినవాడికి ఆ మాత్రం ఒళ్లు మండదా?

పన్ను నోటీసు సంగతి ఇంకా ఘోరం. "నిర్ణీత గడువులోగా చెల్లించని వారిపై చట్టరీత్యా చర్యలు తీసుకోబడును" అని ఆఫీసు నుంచి వస్తుంది. దాన్ని నేను మనుషులకి అర్థమయ్యేలా, కాస్త గట్టిగానే మార్చి రాసిస్తాను. ఈయన వీధిలోకి వెళ్లి, "కాస్త పెద్దమనసు చేసుకుని, మీ వీలు చూసుకుని కట్టెయ్యండి బాబయ్యగారూ, ఆయ్" అంటారు. ఇంకేం, ఊరు ఊరంతా ఆ మాటే పట్టుకుంది. బిల్లు కలెక్టరు గుమ్మంలోకి వెళితే, "వీలు చూసుకోమన్నారు కదండీ కృపారావుగారు, ఇంకా వీలవ్వలేదండి" అంటున్నారట. పన్ను నోటీసుని శుభలేఖలా చదివే మనిషి ఈ భూమ్మీద మా ఆయన ఒక్కరే అయ్యుంటారు.

ఇవన్నీ ఒక ఎత్తు, మా గుమ్మం ముందు చేసేది ఒక ఎత్తు.

మా అత్తగారు జయమ్మగారికి ముసలితనంలో చెవి మందగించింది. కొడుకు ఆటో మా ఇంటి ముందుకి రాగానే గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. ఈయన చెప్పడం అయ్యాక, "ఏంట్రా? మళ్లీ చెప్పు!" అని కేకేసేది. ఈయన మళ్లీ మొదటినుంచీ చెప్పేవారు. చీరలైనా, కోళ్లయినా, పన్నయినా సరే, మా గుమ్మం ముందు రెండుసార్లు. ఆవిడ తల ఊపాకే ఆటో కదిలేది.

ఆవిడ పోయి మూడేళ్లయింది. ఈయన ఇప్పటికీ మా గుమ్మం ముందు ఆటో ఆపుతారు. రెండుసార్లు చెబుతారు. గేటు దగ్గర ఎవరూ ఉండరు. లోపల నేను అన్నం వార్చుకుంటూ ఉంటాను. నేనే రాసిచ్చిన బిర్యానీ గురించి నాకే రెండుసార్లు! "ఎవరికండీ రెండోసారి?" అని మూడేళ్లుగా అడుగుతున్నాను. "అలవాటే" అంటారు. గోడకి చెప్పుకున్నా ఈపాటికి బీటలు వారేది.

ఇక అసలు సంగతికి వస్తాను. మొన్న ఫిబ్రవరిలో పైనుంచి ఏదో ఆర్డరు వచ్చిందట, పన్ను బాకీ ఉన్నవాళ్ల పేర్లు వీధివీధినా మైకులో చదవమని. మా ఆయన కాగితం తెచ్చి నా ముందు పడేసి స్నానానికి వెళ్లిపోయారు. నలభై ఒక్క పేర్లు. ఏ పేరుకి ముందు అన్నయ్యగారు చేరుస్తారో, ఏ పేరుకి పిన్నిగారు చేరుస్తారో అని తిట్టుకుంటూనే కిందికి చదువుతున్నాను. పదిహేడో పేరు దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

జయమ్మ. మా ఇంటి నంబరు.

మా అత్తగారి గురించి మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆవిడా, ఆవిడ అమ్మా, ఆ పైవాళ్లూ అందరూ ఒకరి చేలో నాట్లేసి, ఒకరి స్థలంలో పాక వేసుకుని బతికినవాళ్లు. వెళ్లిపొమ్మంటే తట్టాబుట్టా సర్దుకోవడమే. ఆవిడే మొదటిసారి సొంత స్థలంలో రెండు గదుల ఇల్లు లేపింది. ఆ ఏడాది వచ్చిన పన్ను కాగితం చూసి ఊళ్లోవాళ్లు మొహాలు ముడుచుకుంటే, ఈవిడ చర్చిలో సాక్ష్యం చెప్పింది. "నా పేరు మీద పన్ను వచ్చింది ప్రభువా, నీకు స్తోత్రం" అని! అప్పటినుంచీ ఏప్రిల్ నెల వచ్చిందంటే పంచాయతీ ఆఫీసు తలుపు తీసేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉండేది. ఊళ్లో మొదటి రసీదు ఆవిడదే కావాలి. రసీదులన్నీ వంటింట్లో ఇనుప చువ్వకి గుచ్చి ఉంచేది. ఇప్పటికీ ఉన్నాయి.

అలాంటి మనిషి పేరు బాకీదారుల జాబితాలో! అదీ కన్నకొడుకు నోటితో, ఆవిడ నిలబడిన గేటు ముందే చదవాలి.

స్నానం చేసి వచ్చిన మనిషిని అడిగాను, ఏం చేస్తారని.

"ఆ ఒక్క పేరూ వదిలేసి చదివేస్తాలే" అన్నారు, తల తుడుచుకుంటూ.

"ఊళ్లోవాళ్లకి మనం లోకువైపోమా? జాబితా ఆఫీసు గోడకి కూడా అంటించేరు. నలభై పేర్లూ చదివి మైకువాడు సొంతింటి పేరు మింగేసేడంటారు. మీ గొంతుకి విలువుంటుందా ఆ తర్వాత?"

"అయితే ఏం చెయ్యమంటావ్?"

"నేనే వెళ్తాను ఆఫీసుకి. మీ వల్ల అయ్యే పని కాదిది."

ఆఫీసుకి వెళ్లొద్దన్నట్టు ఏదో అనబోయారు. నేను వినిపించుకోలేదు.

నిజానికి ఆ పన్ను కట్టడానికి నేను తిరగని తిరుగుడు లేదు. అత్తగారు పోయిన నెలలోనే, ఇంటిని ఈయన పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాం. పేరు మార్పు పెండింగులో ఉంటే కంప్యూటరు డబ్బు తీసుకోదట. డబ్బు పట్టుకుని వెళ్లడం, "పెండింగులో ఉందండి" అనిపించుకుని రావడం. ఏడాదికి నాలుగైదుసార్లు ఇదే తంతు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, సర్కారు నా డబ్బు అడుగుతుంది, సర్కారు కంప్యూటరు వద్దంటుంది. పంచాయతీ సెక్రటరీ సూర్యతేజగారేమో కుర్రాడు, మహా మర్యాదస్తుడు. ఎప్పుడు అడిగినా "ఆయ్, అయిపోద్దండి" అంటాడు. కాదన్నవాడితో పోట్లాడగలం గాని, ఆయ్ అన్నవాడితో ఏం పోట్లాడతాం చెప్పండి?

ఆ రోజు మాత్రం పోట్లాడటానికే వెళ్లాను.

"సెక్రటరీగారూ, చచ్చిపోయిన మనిషి పేరు మైకులో చదివిస్తారా? మీకు అమ్మ లేదా అండీ?"

"అయ్యయ్యో, కూర్చోండమ్మా. మంచినీళ్లు తాగండి."

"నాకు మంచినీళ్లొద్దు. మూడేళ్లయింది దరఖాస్తు పెట్టి. మా ఫైలు ఏ బీరువాలో పడేసేరో తియ్యండి, నేనే వెతుక్కుంటాను."

ఆయన చాలా ఇబ్బందిపడిపోయారు. చేతులు నలుపుకున్నారు. "ఫైలు పోలేదమ్మా. ఇక్కడే ఉందండి" అని సొరుగులోంచి తీశారు. "పేరు మార్చాలంటే ఊళ్లో ప్రకటన వెయ్యాలి కదండీ. ఫలానావారు చనిపోయేరు, ఇల్లు ఫలానావారి పేరుకి మారుస్తున్నాం, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో చెప్పండని. ఆ ప్రకటన పడలేదండి. అది పడకుండా ఫైలు కదలదు."

"మరి వేయించరేం? మూడేళ్లు గాడిదలు కాస్తున్నారా?" అనేశాను. నోరు జారానని తెలుసు. వెనక్కి తీసుకోలేదు.

ఆయన ఫైలు నా వైపు తిప్పి ఒక చోట వేలు పెట్టారు. 'ప్రకటన నిమిత్తం కాగితం మైకు వారికి ఇవ్వడమైనది' అని ఉంది. కింద సంతకం. ఆ సంతకం నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు.

"మైకు వారంటే మీ వారేనండి" అన్నారు సూర్యతేజగారు, నెమ్మదిగా. "నేనొచ్చేక మూడుసార్లు అడిగేనమ్మా. ఆయ్, ఈ వారం వేసేస్తానండి అన్నారు. పెద్దాయన, ఇంకేం అంటాను? మీకు చెప్పొద్దన్నారు కూడాను."

మంచినీళ్లు అడిగి తాగాను.

"సోమవారం జాబితా చదవాలండి. ఈలోగా ప్రకటన పడిందని ఒక్క ఫోను చేయండి చాలు. పేరు మార్పు నడుస్తోందని రాసి, జాబితాలో అమ్మగారి పేరు నేను కొట్టేస్తాను" అన్నారు ఆయన.

ఇంటికి ఎలా నడిచానో నాకు తెలియదు. ఒళ్లంతా మంటగా ఉంది. మూడేళ్లు! మూడేళ్లు ఆఫీసుని తిట్టాను, కంప్యూటర్ని తిట్టాను, పసిపిల్లాడిలాంటి ఆ సెక్రటరీని శాపనార్థాలు పెట్టాను. దొంగ ఇంట్లోనే కూర్చుని నా చేతి అన్నం తింటున్నాడు! మా ఆయన వాకిట్లో ఆటో కడుగుతున్నారు.

"ఏదండీ ఆ కాగితం?" అన్నాను.

ఏ కాగితమని అడగలేదు. చేతులు తుడుచుకుని, యాంప్లిఫైయరు కింద పరిచిన రబ్బరు చాప ఎత్తి, నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చారు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఎన్నిసార్లు తీసి చూసుకున్నారో!

"ఎందుకు వెయ్యలేదు? నన్ను వెర్రిదాన్ని చేసి మూడేళ్లు తిప్పేరు. ఎందుకు వెయ్యలేదు చెప్పండి!"

"వేద్దామనే బయల్దేరతాను రెబెకా. చర్చి వీధి మొదట్లో మైకు నోటిదగ్గర పెట్టుకుంటాను. జయమ్మగారు అని వస్తుంది. ఆ తర్వాత మాట రాదు. కోళ్ల గురించి చెప్పుకుని వచ్చేస్తాను."

"ఆవిడ పోయిందని ఊరందరికీ తెలుసు కదండీ!"

"తెలుసు. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు. సమాధి దగ్గర కూడా పాస్టరుగారే చెప్పేరు. ఊళ్లో ఎవరు పోయినా మైకులో చెప్పింది నేనే. మా అమ్మ సంగతి నా నోటితో ఒక్కసారి కూడా అన్లేదు." ఆటో అద్దం తుడుస్తూ చెప్పారు, నా వైపు చూడకుండా. "చెప్పేస్తే ఇంక అంతే కదా."

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, "ఇంత దుఃఖం ఉంటే నాకు చెప్పాలి గాని రబ్బరు చాప కింద దాచుకుంటారా, ఏం మనిషండీ మీరు" అని తిట్టాను. ఆయన తిట్టించుకున్నారు.

ఆ రాత్రి ఆఫీసు కాగితంలో ఉన్న 'సదరు', 'మరణించినందున' తీసేసి, నేను కొత్తగా రాశాను. నాలుగు ముక్కలే. మా అమ్మ జయమ్మగారు చనిపోయారు. ఆవిడ కట్టిన ఇల్లు కొడుకు కృపారావు పేరు మీదికి మారుతోంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఏడు రోజుల్లో పంచాయతీ ఆఫీసులో చెప్పండి. రాసేటప్పుడు నా చెయ్యే ఆగిపోయింది, ఇంక ఆయన్ని ఏమనగలను?

శనివారం పొద్దున్న నేనూ ఆటో ఎక్కాను. వెనక యాంప్లిఫైయరు పక్కన కూర్చుని, గొంతు ఆగిపోతే మైకు నేను అందుకుందామని కాచుకున్నాను. చర్చి వీధి మొదట్లో ఆటో ఆపారు. చాలాసేపు గొట్టాల్లోంచి ఆయన ఊపిరి ఒక్కటే వినపడింది. జనం కిటికీల్లోంచి తొంగిచూశారు. తర్వాత చెప్పారు. రాసింది రాసినట్టు. పెళ్లయ్యాక మొదటిసారి, ఒక్క మాట మార్చకుండా, ఆయ్ అనకుండా చదివారు.

వీధివీధీ తిరిగాం. రామమూర్తి మాస్టారు అరుగు మీంచి లేచి నిలబడ్డారు. కోళ్ల షాపతను కత్తి పక్కన పెట్టేశాడు. చివరికి మా వీధిలోకి తిరిగి, మా గుమ్మం ముందు ఆపారు. గేటు మూసి ఉంది.

ఆయన గేటు వైపు తిరిగి చెప్పారు. ఎక్కడా ఆగలేదు. మొత్తం చెప్పి, మైకు నా ఒళ్లో పెట్టారు.

నేను చూస్తూ కూర్చున్నాను. మూడేళ్లు ఏది వద్దని పోరానో దాని కోసమే నా చెవులు ఎదురుచూశాయి. ఉండబట్టలేక, "ఇంకోసారి చెప్పండి" అన్నాను.

"ఎవరికి రెబెకా?" అని, ఆటో స్టార్టు చేశారు.