సెనోవర చెక్కిన చక్రవర్తి

రోము నుంచి మా బ్రిటన్‌కు కొత్త చక్రవర్తి కబురు ఏటా వచ్చేది, చిల్లర మాత్రం వచ్చేది కాదు. అందుకని ఊట తల్లి గుడి వెనక వీధిలో చిల్లర మేమే చేసుకునేవాళ్ళం. అవి దొంగ నాణేలని అందరికీ తెలుసు. తెలిసి పుచ్చుకున్నాక ఇక దొంగతనమేముంది?

అచ్చు చెక్కేది సెనోవర. ఉంగరాలకు ముద్రలు చెక్కేవాడి కూతురు. రాగి బిళ్ళ మీద ఆ అచ్చు పెట్టి సుత్తితో కొట్టేది ఆమె మొగుడు డోకిలిస్. కొట్టేవాడికే పేరు, ఎక్కడైనా అంతే. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమెకు చూపు మందగించింది. మొదట చక్రవర్తి గడ్డం పోయింది, తర్వాత ముక్కు. చివరికి దువ్వెన పళ్ళలాంటి కిరీటం, దాని కింద ఒక గుడ్డు మిగిలాయి. బజారులో ఎవరూ కిక్కురుమనలేదు. అసలు మొహం చూసినవాడెవడు గనక?

కంటి లేపనం చేసే వైద్యుడు మాత్రం ఆ రాగి ముట్టనన్నాడు. పాత వెండి నాణెం తెమ్మన్నాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే. వెండో కాదో తేల్చుకోవడానికి ఆమె తండ్రి ఎప్పుడో దాని అంచున ఉలితో గాటు పెట్టి ఉన్నాడు. డోకిలిస్‌కు భక్తి జాస్తి. భార్యకు చెప్పకుండా దాన్ని ఊటలో వేసి, చూపు ఇమ్మని మొక్కి వచ్చాడు. అమ్మవారు ఉలకలేదు, పలకలేదు.

నెల తిరక్కుండా పూజారి వచ్చాడు. భక్తులు ఊటలో వేయడానికి సన్న చిల్లర కావాలట. ఖరీదు కింద ఒక వెండి నాణెం పెట్టి వెళ్ళాడు. సెనోవర దాని అంచు తడిమింది.

“ఏమయ్యా, ఇది మా నాన్న పెట్టిన గాటు కాదూ?”

డోకిలిస్ నసుగుతూ జరిగింది చెప్పాడు.

“అమ్మవారికి బుద్ధుంది గనక వైద్యుడి దగ్గరికి పొమ్మని తిప్పి పంపింది. నీకే లేదు,” అంది.

లేపనం భగ్గున మండింది, వారం రోజులు నీరు కార్పించింది. చూపు చాలావరకు తిరిగొచ్చింది. ఆమె మొదట చూసింది తన అచ్చునే. ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు గడ్డం, ముక్కు, మెడ ముడతలతో సహా సిసలైన చక్రవర్తిని చెక్కింది. మొగుడు వద్దన్నా వినలేదు.

బజారులో చేపల బ్రికా ఆ నాణేన్ని తిప్పి తిప్పి చూసి వెనక్కి తోసేసింది.

“వీడెవడక్కా? రోజూ ఇచ్చేది ఇయ్యి. దొంగది నాకు అంటగట్టకు.”

సెనోవర ఇంటికొచ్చి, గట్టిగా కళ్ళు మూసుకుని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టింది. డోకిలిస్ పక్కన కూర్చుని చూస్తున్నాడు.

“కొంచెం చూసుకోవే, ముక్కు వచ్చేస్తోంది.”