చింతలగిరి రాజుగారి గద్దె కోసం రాజమండ్రి ప్రయాణం

నేను నరసాపురంలో పడవ ఎక్కింది గురువారం ఉదయం ఆరు గంటలకు. ముందు రోజు సాయంత్రం బడి నుంచి ఇంటికి వచ్చేసరికి చింతలగిరి సంస్థానం వకీలు గారి ఉత్తరం వచ్చి ఉంది. అందులో ఉన్నది ఇంతే:

"పితూరీ నాడు రాజుగారు నడుచుకున్న తీరు మీద రాజమండ్రిలో విచారణ జరుగుతోంది. ఆయన్ని గద్దె దించి పినతండ్రి కొడుక్కి ఇమ్మని అవతలి పక్షం కోరుతోంది. వాళ్ళ చేతిలో ఉన్న గట్టి ఆధారం మీరు రాసిన ఉత్తరం. శనివారంతో సాక్ష్యాలు ముగుస్తాయి. మిమ్మల్ని పిలవవద్దని రాజుగారు నాతో గట్టిగా చెప్పారు. ఆయనకు తెలియకుండా రాస్తున్నాను."

నేను రాసిన ఆ ఉత్తరం సంగతి చెప్పాలి. అప్పటికి రెండేళ్ళ కిందట నేను చింతలగిరిలో సంస్థానం బడి పంతుల్ని. ఊరు గోదావరికి ఎగువన, కొండల అంచున ఉంటుంది. మన్యంలో దొరతనం మీద తిరుగుబాటు, అదే పితూరీ, లేచి, ఒక సాయంత్రం చీకటి పడే వేళ రెండు వందల మంది కోట ముందుకు వచ్చారు. లోపల రాజుగారికి ఉన్నవి పన్నెండు తుపాకులు. పేల్చమని బురుజు మీద నుంచి నేనే అరిచాను. రాజుగారు పేల్చనివ్వలేదు. తలుపులు తీయించి, ఒంటరిగా బయటికి వెళ్ళి, పితూరీ నాయకుడికి దండం పెట్టారు. నాలుగు తుపాకులు, గాదెలో ధాన్యం తీసుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. వారం తిరక్కుండా ఉద్యోగం వదిలేసి, రాజమండ్రిలో ఉన్న ఒక స్నేహితుడికి, "మా రాజు భయపడి శత్రువు కాళ్ళ దగ్గర కోటను పెట్టాడు" అని రాశాను. అది చేతులు మారి కచేరీ దాకా పోతుందని ఏ కోశానా అనుకోలేదు.

పడవ ఎదురు నీటికి వెళ్ళాలి. గట్టు మీద నలుగురు తాడు లాగుతున్నారు. తాటాకు గూడు కింద పదిహేను మందిమి. పాలకొల్లు చేరేసరికి పది దాటింది. అక్కడ నూకాలమ్మ అనే ఆవిడ రెండు గంపల ఎండు చేపలతో ఎక్కింది. యాభై ఏళ్ళుంటాయి. కొండల కింది సంతలకు చేపలు తీసుకెళ్ళి అమ్ముతుందట. గంపల వాసనకు ఇద్దరు ముక్కు మూసుకుని ముందుకు జరిగారు. నేను జరగలేదు. అందుకో ఏమో, నాతో మాట కలిపింది.

"ఎందాకండి బాబూ?"

"రాజమండ్రి. కచేరీలో పనుంది."

"చింతలగిరి రాజుగారి విచారణ కూడా అక్కడేనంట కదండి. సంతలో అందరూ అదే మాట."

ఏమనుకుంటున్నారని అడిగాను.

"ఎవరికి తోచింది వాళ్ళు అంటన్నారండి. మా చెల్లెలు ఆ రోజు ఆ కోటలోనే ఉందండి, చంకలో నెలల పిల్లతో. వాళ్ళ పేటంతా లోపలే దాక్కున్నారంట. అన్నీ తాటాకిళ్ళు. బయటోళ్ళ చేతుల్లో కాగడాలు. ఒక్క తుపాకీ పేలుంటే ఏమయ్యేదండి?" జారిన గంప సర్దుకుంటూ మళ్ళీ అంది. "ఎవరో పంతులు రాశాడంట, రాజు పిరికోడని. ఆ పంతులికి ఆ ఇళ్ళలో ఎవరూ లేరు కాబోలండి."

నేను పెరుగన్నం మూట విప్పి, మళ్ళీ కట్టేశాను. ఆ కాగడాలు నేను కూడా చూశాను. బురుజు మీద నుంచి నాకే బాగా కనిపించాయి. చూసి కూడా ఉత్తరంలో వాటి మాట రాయలేదు.

ఆ రాత్రికి మార్టేరు సత్రంలో పడుకున్నాం. శుక్రవారం తెల్లవారుతూనే బయల్దేరి, పదింటికి పెరవలి లాకు దగ్గర ఆగిపోయాం. కాలవలు కట్టేసే రోజులు. మరమ్మతులకు నీళ్ళు తగ్గిస్తున్నారు, పడవ ఇక కదలదని లాకు మనిషి చెప్పాడు.

"అనుకున్న దానికన్నా ఒక రోజు ముందే కట్టేశారండి. నన్నేం చెయ్యమంటారు?"

గోదావరి దాటాల్సిన విజ్జేశ్వరం రేవు ఇంకా ఏడు కోసులుందన్నారు. గట్టున పడి నడక మొదలుపెట్టాను. నూకాలమ్మ వెనక నుంచి కేకేసింది. ఆ ఊళ్ళో ఆవిడ మరిది ఎడ్ల బండి ఉందట, గంపలు దాని మీద వేసుకుని వెళ్తుందట.

"ఎక్కండి బాబూ. ఈ ఎండలో నడిస్తే సగం దారిలో పడిపోతారు."

బండి ఎక్కాను. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"నూకాలమ్మా, ఆ పంతుల్ని నేనే."

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. దింపేస్తుందనుకున్నాను. మరిదితో మాత్రం, "ఒరే, ఎడ్లని కాస్త తోలరా. ఈయన రేపటికల్లా అక్కడుండాలి" అంది. సాయంత్రం దాకా నాకు వీపు పెట్టి ఎడ్లకేసి తిరిగి కూర్చుంది. విజ్జేశ్వరంలో దిగేటప్పుడు మాత్రం, "ఈసారి చూసిందంతా చెప్పండి" అని గంప ఎత్తుకుంది.

శనివారం ఆరింటికి రేవు పడవ. ఆనకట్ట ఎగువన గోదావరి సముద్రంలా ఉంది. గాలి ఎదురు తిరిగి, గంటన్నరలో దాటాల్సింది రెండున్నర గంటలు పట్టింది. ధవళేశ్వరంలో ఒంటెద్దు బండి దొరికింది. కచేరీ మెట్లెక్కేసరికి పది దాటి పావు. వకీలు గారు మెట్ల మీదే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"కోపంలో అబద్ధం రాశానని చెప్పండి పంతులు గారూ. ఆ ఒక్క మాట చాలు."

రాజుగారు లోపల ఒక బల్ల చివర కూర్చుని ఉన్నారు. మనిషి బాగా చిక్కిపోయారు. నన్ను చూసి తల దించుకున్నారు.

విచారణ జరిపే దొరకు తెలుగు కొంచెం వచ్చు, అయినా పక్కన దుబాసీ ఉన్నాడు. నా ఉత్తరం చూపించి అడిగించారు.

"ఇది మీరు రాసిందేనా?"

"నేను రాసిందేనండి."

"ఇందులో ఉన్నది అబద్ధమా?"

వకీలు గారు నా వైపే చూస్తున్నారు. అవునంటే ఆ ఉత్తరం పీడ విరగడవుతుంది. కాని ఒకసారి సగం చెప్పి ఇంత దూరం తెచ్చాను. మళ్ళీ ఇంకో సగం చెప్పడానికి నోరు రాలేదు.

"అబద్ధం కాదండి. రాజుగారు భయపడ్డారు. తలుపు గడియ తీయించేటప్పుడు ఆయన చేతులు వణకడం నేను చూశాను. వణుకుతూనే బయటికి వెళ్ళారు. వెనక ఒక్క మనిషిని కూడా రానివ్వలేదు. లోపల మూడు వందల మంది ఉన్నారు. బయట కాగడాలు వెలుగుతున్నాయి. అది నేను రాయలేదు."

"ఆ సమయంలో మీరెక్కడున్నారు?"

"బురుజు మీద, తుపాకీ వాళ్ళ వెనక."

ఎవరో నవ్వారు. దొర నవ్వలేదు.

అవతలి వకీలు లేచి, పిరికితనం సంగతి అలా ఉంచండి, అది శత్రువులతో కుమ్మక్కు కాదని ఏమిటి రుజువు అన్నాడు. సైన్యం పంపమని ఆ రోజే దొరలకు కబురు చేశామని రాజుగారు చెబుతున్న లేఖ తరువాత పుట్టించిందేనని వాదించాడు. దాని గురించి తగాదా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఆ లేఖ రాసింది నేనేనండి. పితూరీ వాళ్ళు కొండ మలుపు తిరగకముందే రాజుగారు నన్ను పిలిచి రాయించారు. రాతకోతలు చూసే రాయసం ఆయన ఆ గందరగోళంలో కనబడలేదు. కిందన సాయంత్రం అయిదు గంటలని కూడా వేశాను."

దొర కట్ట విప్పించి లేఖ తీయించారు. కింద అయిదు గంటలని ఉంది. దాన్ని నా ఉత్తరం పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. ఏ ఉత్తరంతో ఆయన గద్దె పోతుందనుకున్నానో, దాని దస్తూరీయే ఆ లేఖ నిజమని చెప్పింది. రాజుగారిని పిరికివాడని రాసి కొలువు వదిలిపోయినవాడు తరువాత ఆయన కోసం దొంగ లేఖ రాయడు గదా. నన్ను బయట కూర్చోమన్నారు.

నాలుగింటికి దొర అందరినీ పిలిచి తన అభిప్రాయం చదివించారు. రాజుగారు ద్రోహం చేయలేదు, గద్దె మార్చనక్కరలేదు. అయితే ఇక మీద సంస్థానంలో సిపాయిలు ఉండకూడదు, శిక్షలు వేసే అధికారం ఉండదు. పై వారు కూడా ఆ మాటనే ఖాయం చేశారని తరువాత తెలిసింది.

వసారాలో రాజుగారే నా దగ్గరికి వచ్చారు. క్షమాపణ చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరు మళ్ళీ అదే అంటారనుకున్నాను పంతులు గారూ. అందుకే పిలవొద్దన్నాను."

"అదే అన్నాను కదండి."

"అన్నారు. భయం వేసిందని ఇంట్లో కూడా ఒప్పుకోలేదు నేను. ఇంతమందిలో మీరు చెప్పేశారు." ఆయన నవ్వారు. "సిపాయిలు పోతే పోయారు. పన్నెండు మందిని చూసుకుని నేనేం ధైర్యంగా ఉన్నాను గనక! ఇవాళ కడుపు నిండా అన్నం తినాలని ఉందండి. రండి."

ఆయన బసలో పప్పు, వంకాయ కూర, గోదావరి పులసకు కాలం కాదు గనక మామూలు చేపల పులుసు. ఇద్దరం మారు వడ్డించుకుని తిన్నాం.

ఆదివారం పొద్దున్నే తిరుగు ప్రయాణం. ఈ దారిన వెళ్ళేవారు కాలవలు కట్టే వారం తప్పించుకుంటే సుఖం. విజ్జేశ్వరం నుంచి నాకు మళ్ళీ ఎడ్ల బండే గతయింది. నీళ్ళు పోయిన కాలవ అడుగున ఊళ్ళకు ఊళ్ళే దిగి చేపలు పట్టుకుంటున్నారు. ఒకరి మీద ఒకరు బురద చల్లుకుంటూ నవ్వుతున్నారు. ధైర్యమంటే వణకకపోవడమని నేను బడిలో ఎంతోమందికి చెప్పాను. ఇక అలా చెప్పను అనుకుంటూ బండిలో గడ్డి మీద వెనక్కి వాలాను.

బండివాడు నా కాలు పట్టుకుని ఊపుతుంటే మెలకువ వచ్చింది. సోమవారం ఎండ చురుక్కుమంటోంది. ఎదురుగా నరసాపురం రేవు.

"మార్టేరులో లేపానండి. పాలకొల్లులోనూ లేపానండి. ఒకపాలి ముక్కు దగ్గర వేలెట్టి కూడా చూశానండి" అన్నాడు. "ఎన్నాళ్ళయిందండి మీరు పడుకుని?"

"రెండేళ్ళు" అన్నాను.