సబ్బవరం రాయి మీద చివరి రెండు వరుసలు

విశాఖపట్నం వచ్చినవాళ్లు బీచ్ చూస్తారు, సబ్‌మెరైన్ చూస్తారు, ఇంకా ఓపికుంటే భీమిలి దాకా వెళ్లి అక్కడా బీచే చూస్తారు. తప్పేం లేదు. కానీ "సముద్రం కాకుండా ఒక్క పూటలో చూసి రాగలిగింది ఏదైనా చెప్పండి మేడమ్" అని మా సంఘం బ్లాగుకి రాసేవాళ్లు కూడా అప్పుడప్పుడూ తగులుతుంటారు. ఈ టపా వాళ్ల కోసం. మా సంఘానికి రిజిస్ట్రేషన్ కాగితంలో చాంతాడంత పేరుంది గానీ తెలిసినవాళ్లందరూ 'రాళ్ల సంఘం' అంటారు. పాత శాసనాలు, వీరుల రాళ్లు, పడిపోయిన మండపాలు ఎక్కడున్నాయో వెతికి, చదివి, ఫొటోలు తీసి, ఆ పక్కన బతికే జనానికి వాటి సంగతి చెప్పడం మా పని. జీతం భత్యం ఏమీ ఉండవు. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని, ఈ సంఘానికి కార్యదర్శిని. కార్యదర్శి అంటే గొప్పగా వినిపిస్తుంది కానీ, ఆదివారం పొద్దున్నే లేచి మిగతావాళ్లను ఫోన్లు చేసి లేపే మనిషి అని అర్థం.

ఈ ప్రయాణానికి కారణం ఒక శనివారం సాయంత్రం వచ్చిన ఫొటో. మా సభ్యురాలొకావిడ సబ్బవరం అవతల కొత్త లేఅవుట్‌లో కొనుక్కున్న ప్లాటు చూసుకోవడానికి వెళ్లింది. రోడ్డు కోసం చదును చేస్తున్న చోట నడుమెత్తు రాయి ఒకటి కనపడింది. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నారు. వాళ్ల కింద నాచు, మట్టి, ఆ మట్టి వెనక అక్షరాల్లాంటి గీతలు. సూర్యచంద్రులున్న రాయి అంటే చాలావరకు దాన శాసనమే. వాళ్లిద్దరూ ఉన్నంతకాలం ఈ దానం చెల్లాలని చెప్పడం అది. ఫొటో కింద ఆవిడ "సోమవారం పొద్దున్న జేసీబీతో పీకేస్తారట" అని రాసింది. మర్నాడు ఆదివారం. అర్జీ పెడదామన్నా ఏ ఆఫీసూ తెరిచి ఉండదు. లేఅవుట్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే, "ఒక్క రాయి కోసం రోడ్డు వంకర తిప్పమంటారా మేడమ్?" అని మర్యాదగానే పెట్టేశాడు. ఉంచలేకపోతే కనీసం చదివైనా వద్దామని గ్రూపులో మెసేజ్ పెట్టాను. బొటనవేళ్లు బోలెడు వచ్చాయి. పొద్దున్న ఆరున్నరకి మద్దిలపాలెం డిపో ముందు మాత్రం నేనొక్కదాన్నే నిలబడ్డాను.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెబుతాను. చోడవరం వైపు వెళ్లే బస్సు ఎక్కితే ఎన్ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి మీదుగా సబ్బవరం తీసుకెళ్తుంది. ఆదివారం పొద్దున్న గంట పడుతుంది. మిగతా రోజుల్లో పెందుర్తి దాకా ట్రాఫిక్కులో ప్రాణం విసిగిపోతుంది, ఇంకో అరగంట కలుపుకోండి. ఆడవాళ్లు ఆధార్ కార్డు మరిచిపోవద్దు, టికెట్టు సున్నా. ఎన్ఏడీలో ఖలీల్ భాయ్ ఎక్కాడు. ఆయనకి వన్‌టౌన్‌లో ఫొటో ఫ్రేముల దుకాణం ఉంది. మా సంఘానికి కోశాధికారి ఆయనే, శాసనాలకు అచ్చు తీసేదీ ఆయనే. నా సున్నా టికెట్టు చూసి, తన టికెట్టు చూసుకుని, "మన సంఘం ఖర్చుల్లో సగం గవర్నమెంటే భరిస్తోంది మేడమ్, ఇంకో ఇద్దరు ఆడవాళ్లని చేర్పించండి" అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. ఎప్పుడూ నవ్వొస్తుంది.

సబ్బవరం జంక్షన్‌లో పూరీ, బొంబాయి చట్నీ తినకుండా ముందుకు కదలకండి. బస్సు దిగిన వైపే రేకుల షెడ్డులో ఒకామె వేస్తుంది. ప్లేటు నలభై రూపాయలు, చట్నీ ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. ఖలీల్ భాయ్ రేకు పెట్టెలోంచి బయటికొచ్చిన బ్రష్‌లు చూసి ఆమె, "ఏటమ్మా, ఆదివారం పూట రంగుల పనికెల్తన్నారేటి?" అని అడిగింది.

"కాదమ్మా, రాయి చదవడానికి" అన్నాను.

"రాయి సదవడమేటి తల్లీ! పుత్తకాలు అయిపోనాయేటి?"

ఖలీల్ భాయ్‌కి పూరీ గొంతుకు అడ్డం పడేంత నవ్వొచ్చింది. నేను మాత్రం జవాబు వెతుక్కుంటూ షేరాటో ఎక్కాను. మనిషికి ముప్ఫై రూపాయలు, పావుగంట దారి. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. పాత రాయి కింద నిధులుంటాయని గునపాలు పట్టుకొచ్చే పిచ్చివాళ్లు ఇంకా ఉన్నారు. నిజంగా చూడాలనుకుంటే మాకు రాయండి, చెబుతాం.

ఆటో దిగాక జీడితోట పక్కనుంచి కాస్త నడవాలి. ఎర్రమట్టి, రంగు పూసిన సరిహద్దు రాళ్లు, చుట్టూ కొత్త ప్రహరీ. ఆ మధ్యలో మా రాయి. దాని పక్కనే పచ్చగా జేసీబీ, రేపటి పనికి ఇప్పట్నుంచే వచ్చి కూర్చున్నట్టు. ఖలీల్ భాయ్ ముందు రాయి ఉన్న చోటు ఫోన్లో గుర్తు పెట్టి, నాలుగు వైపులా ఫొటోలు తీశాడు. తరవాత నాచు కడగడానికి నీళ్లు వెతుక్కుంటుంటే బైకు మీద ఒకతను వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, చేతిలో గ్రీజు డబ్బా. ఆ జేసీబీ ఆపరేటరు, పేరు సింహాచలం, పక్క ఊరివాడే.

"ఏటి సేత్తన్నారండీ? టీవీ వోల్లా?"

కాదన్నాను. రాయి మీద ఏం రాసుందో చూడ్డానికి వచ్చామన్నాను. అతనికి సరదా పుట్టింది. "నీల్లు నాను తెత్తానుండండి, బండి కాడ డ్రమ్ముంది" అని రెండు బకెట్లు తెచ్చాడు. గ్రీజు పని పక్కన పెట్టి మా దగ్గరే గొంతుక్కూర్చున్నాడు.

అచ్చు తీయడం చూడని వాళ్లకు చెప్పాలి. రాయిని మెత్తటి బ్రష్‌తో కడిగి, తడిపిన కాగితం పరిచి, అది అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొడుతూ ఉంటారు. కాగితం సగం ఆరాక సిరాలో అద్దిన గుడ్డ ఉండతో పైపైన తడతారు. గుంటల్లోకి సిరా వెళ్లదు కాబట్టి నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా మిగులుతాయి. ఇన్నేళ్లయినా ఆ తెలుపు బయటపడే క్షణం నాకు ఒళ్లు జలదరిస్తుంది. సింహాచలం అయితే లేచి నిలబడిపోయాడు. "ఓలమ్మ! ఇందులో ఇన్ని అచ్చరాలున్నాయేటి! నాను నెల్రోజులై దీని పక్కనే బండి తిప్పుతన్నాను."

ఏం రాసుందని అడిగాడు. పాత తెలుగు లిపి నేను కూడబలుక్కుంటూ చదువుతాను, దానికి కాసేపు పట్టింది. ఒకాయన తన పొలంలో కొంత, గుళ్లో దీపం ఆరకుండా వెలగడం కోసం ఇచ్చాడు. ఏ గుడి, ఏ సంవత్సరం అన్నవి ఉండాల్సిన చోట రాయి పెచ్చులేచి పోయింది. పొలం ఎల్లలు కొంతవరకు తెలుస్తున్నాయి. చివరి రెండు వరుసలు మాత్రం చక్కగా ఉన్నాయి. ఇలాంటి రాళ్ల మీద చివర్న సాధారణంగా ఉండే మాటే. ఈ ధర్మాన్ని పాడుచేసినవాడు గంగ ఒడ్డున ఆవుల్ని చంపిన పాపాన పోతాడు అని.

చదువుతుండగా సింహాచలం చెయ్యి రాయి మీది నుంచి జారింది. నేను చూశాను. చూశాను కాబట్టే ఆ రెండు వరుసలూ మళ్లీ చదివాను, ఈసారి ఒత్తి ఒత్తి, బళ్లో అల్లరి చేసే పిల్లల్ని కూర్చోబెట్టే గొంతుతో. రోడ్డు వంకర తిప్పడానికి సూపర్‌వైజర్ ఒప్పుకోడు. కానీ ఆపరేటరు బండెక్కకపోతే ఎవరేం చేస్తారు? నా లోపల ఒక గెలుపు పొంగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అతను వెళ్లి బండి మెట్టు మీద కూర్చున్నాడు. తరవాత నన్నే చూస్తూ అడిగాడు.

"మేడంగారూ, ఇలాటి రాల్లు నాను ఇంతకుముందు తీసేసేనండి. సెరువు పనిలో. రెండు. అప్పుడు ఇది ఏటో నాకు తెల్దు. ఆ యేడే మా ఇంటిదానికి కడుపు పోయింది. మల్లీ ఇంకోసారి పోయింది. ఇప్పుడు ఎనిమిదో నెల. అది దీనికేనేటండి?"

ఖలీల్ భాయ్ సిరా గుడ్డ పక్కన పెట్టి నా వైపు చూశాడు. ఇక్కడ నేను నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, రాయి దక్కుతుంది. కానీ ఆ భయం అతని వెంట ఇంటికి వెళ్లి, ఎనిమిదో నెల గర్భిణి పక్కన పడుకుంటుంది.

"కాదు" అన్నాను. "కానే కాదు."

"మరి రాసుంది కదేటి?"

వెళ్లి అతని పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఇచ్చిన పొలాన్ని తరవాత వచ్చే అధికారులు, బలమున్నవాళ్లు కాజేస్తారని ఆ రోజుల్లో భయం ఉండేదనీ, వాళ్లని ఆపడానికి వేరే దారి లేక ఇలా రాసుకునేవాళ్లనీ చెప్పాను. కూలికి పనిచేసేవాడి మీద ఎవరూ శాపం రాయలేదన్నాను. కడుపు పోవడానికి వేరే కారణాలుంటాయి, డాక్టరమ్మని అడగమన్నాను. ఖలీల్ భాయ్ కూడా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "తమ్ముడూ, ఎన్నో రాళ్ల మీద ఇదే మాటకి నేను అచ్చు తీశాను. నా చేతులకి అంటింది సిరా ఒక్కటే. అది రాసినోళ్ల భయం, నీది కాదు" అన్నాడు. సింహాచలం మొహంలో బిగువు మెల్లగా సడలింది. డ్రమ్ములో నీళ్లతో మొహం కడుక్కుని వచ్చి, అడగాల్సిన మాట అడిగాడు.

"అయితే తీసేయొచ్చాండి?"

"తీయొచ్చు. నీకేమీ కాదు" అన్నాను. "కానీ తీయకు."

"ఏటీ కాదంటే మరి తీయొద్దంటారెందుకు?"

"ఎవరో ఒకాయన తన పొలం ఇచ్చి, ఇచ్చిన సంగతి మరిచిపోకండని అడిగాడు. అందుకే."

అతను రాయి వైపు చూసి, తల గోక్కున్నాడు. "నాను తీయకపోతే ఇంకోడ్ని తెత్తారండి" అన్నాడు. అదీ నిజమే. ఫోన్ నంబరు తీసుకుని, అచ్చు చుట్టి పెట్టెలో పెట్టుకుని, మళ్లీ షేరాటో పట్టుకుని సబ్బవరం వచ్చి, పన్నెండున్నర బస్సెక్కాం. పెందుర్తి దాటాక, "ఊరుకుని ఉంటే రాయి దక్కేది ఖలీల్ భాయ్" అన్నాను చివరికి. "దక్కేది మేడమ్" అన్నాడు ఆయన కిటికీలోంచి చూస్తూ. "మన సంఘంలో నేను మాత్రం ఉండేవాణ్ణి కాదు."

సోమవారం నాకు బడి. పాఠం చెబుతున్నా మనసంతా అక్కడే. ఫోన్ చేయడానికి ధైర్యం చాల్లేదు. తరవాతి ఆదివారం ఒక్కదాన్నే వెళ్లాను. రాయి ఉన్న చోట నున్నగా కంకర రోడ్డు పరిచి ఉంది. తిరిగి వెళ్లిపోబోతూ చూస్తే, 'పార్కు స్థలం' అని బోర్డు ఉన్న మూల, ప్రహరీ పక్కన రాయి నిటారుగా నిలబడి ఉంది. మొదలు చుట్టూ చిన్న రాళ్లు కూరి గట్టిగా పాతారు. ఎక్కడా చిన్న పెచ్చు కూడా ఊడలేదు. కాకపోతే సూర్యచంద్రులూ అక్షరాలూ గోడ వైపు తిరిగి ఉన్నాయి, మధ్యలో జానెడు సందు. మనకి కనిపించేది ఉత్త బండ. సంతోషం, చిరాకు రెండూ ఒకేసారి వచ్చి, అక్కణ్నుంచే సింహాచలానికి ఫోన్ చేశాను.

"బెల్టేసి ఎత్తేనండి, దెబ్బ తగల్లేదు. సూపర్‌వైజరు గంట పని పోనాదని తిట్టేడు. తిట్టనీండి" అన్నాడు.

"అంతా బాగుంది గానీ, అక్షరాలు గోడ వైపు పెట్టేశావేం నాయనా?"

"కావాలనే పెట్టేను మేడంగారూ. రేపు అక్కడ ఇల్లు కట్టడానికి కూలోల్లు వత్తారు కదండి. మీలాటోరు ఎవులైనా వచ్చి సదివి సెప్పేసి ఎల్లిపోతే? నాకైతే మీరు కూకుని ఇప్పి సెప్పేరు. ఆల్లకి ఎవులు సెప్తారండి?"

తిప్పి పెట్టమని అడుగుదామనే ఫోన్ చేశాను. అడగలేదు.

రాయి తన చోటు నుంచి కదలడం మా లెక్కలో నష్టమే. అసలు చోటు ఖలీల్ భాయ్ ఫోన్లో ఉంది, అచ్చు ఆయన దుకాణంలో అద్దం కట్టి ఉంది, వెళ్లి చూడొచ్చు. ఇన్నేళ్లూ శాసనం చదవడమే మా పని అనుకున్నాను. చదివి పైకి చెప్పాక వినేవాడికి ఏమవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు, ఎందుకంటే వినేవాళ్లు సాధారణంగా మా సంఘం వాళ్లే, వాళ్లకి ఆ శాపాలు ముచ్చటగా ఉంటాయి. కొత్తగా చేరిన ఇద్దరికి మొన్న పని నేర్పిస్తూ ఈ సంగతి చెబితే, ఇలా భయం తీసేస్తూ పోతే రాళ్లు మిగలవు మేడమ్ అన్నారు. కొన్ని మిగలవు కాబోలు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. చేతి అద్దం ఒకటి, చిన్న టార్చి ఒకటి పట్టుకెళ్లండి. అద్దాన్ని గోడకు, రాయికి మధ్య సందులో పెట్టి పక్కనుంచి టార్చి వేస్తే అక్షరాలు చక్కగా కనిపిస్తాయి, అద్దంలో తిరగబడతాయి కాబట్టి ఫొటో తీసి ఫోన్లో తిప్పుకోండి. మీరు అలా వంగి చూస్తుంటే కూలీలు ఎవరైనా వచ్చి ఏటి రాసుందని తప్పకుండా అడుగుతారు. దీపం సంగతి చెప్పండి, పొలం సంగతి చెప్పండి. చివరి రెండు వరుసలు కూడా చెప్పేటట్టయితే మాత్రం, వచ్చిన బస్సు పోయినా సరే, ఆ మనిషి పక్కన కూర్చుని చెప్పండి.