నాయనమ్మ గుటక

గ్లాసు మూతికి కరిపించుకుని తాగేవాళ్లంటే మా నాయనమ్మ వెంకటరావమ్మకి ఒళ్లు మంట. తను మాత్రం తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తునుంచి సన్నటి ధారగా నీళ్లు గొంతులో పోసుకునేది. ఒక్క చుక్క చీర మీద పడేది కాదు. మిరపకాయల కోతల్లో ఏ కూలీ అయినా చెంబు పెదాలకి తాకిస్తే గట్టు మీదనుంచే అరిచేది. ఆ అరుపుకి నల్లపాడు స్టేషన్లో రైళ్లు ఆగుతాయని ఊరంతా చెప్పి నేను తన్నులు తిన్నాను.

రెండువేల మూడులో ముందు ఆ అరుపే పోయింది. మాట ముద్దగా రావడం మొదలైంది. గుంటూరులో నరాల డాక్టరు మోటార్ న్యూరాన్ జబ్బన్నాడు. నరాలు కండరాలకి పని చెప్పడం మానేస్తాయట. నయం చేసే మందు లేదట.

మొదట్లో నీళ్లు తాగితే పొలమారేది. మా అమ్మ నెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటన్నారత్తయ్యా" అనేది.

"తాతయ్యే. పైన తిట్టేవాళ్లు లేక బెంగెట్టుకున్నాడు" అనేదాన్ని నేను.

కొన్నాళ్లకి పొలమారడం ఆగింది. అందరం సంతోషించాం. ఆ చలికాలంలోనే మూడుసార్లు ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది.

"మింగింది ఊపిరితిత్తుల్లోకి పోతుందేమో. అదే అయితే నోటితో తినడం ఆపి పొట్టకి గొట్టం పెట్టాల్సి వస్తుంది. ముందు ఎక్స్‌రేలో చూద్దాం" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ.

అప్పటికి నాయనమ్మ మాట నాకొక్కదానికే అర్థమయ్యేది. తొమ్మిదో క్లాసు తప్పి ఇంట్లో ఉన్నాను గనక దుబాసీ ఉద్యోగం నాకే దొరికింది.

ఎక్స్‌రే తీసే హయాత్ గారు ఆవిణ్ణి పక్కకి తిప్పి కూచోబెట్టి, తెల్లటి మందు కలిపారు. "ఇది మింగితే తెరమీద నల్లగా కనపడుద్దమ్మా. గొంతులో ఎటు పోద్దో తెలుసుద్ది."

"సున్నం నీళ్లు తాగించడానికా ఇంతదూరం లాక్కొచ్చారు! వీళ్ల మొహాలు మండ!" అంది నాయనమ్మ.

"ఏమంటున్నారు?" అంది డాక్టరమ్మ.

"ఆస్పత్రి శుభ్రంగా ఉందంటన్నారండి."

చెంచాతో మూడుసార్లు పట్టారు. మూడుసార్లూ ఆ నల్లటి ముద్ద గొంతు వెనకనుంచి అన్నం పోయే దారిలోకే జారింది. "బాగానే ఉందే" అంది డాక్టరమ్మ. నాయనమ్మ నావైపు గెలిచినట్టు చూసింది.

నేను ఊరుకుంటే ఇంటికి పోయేవాళ్లమే. కానీ మూడోసారి నెమ్ము చేసినప్పుడు ఆవిడ రొప్పు పక్కగదిలోకి వినపడింది.

"ఇంట్లో ఇట్టా తాగదండీ" అని తల వెనక్కి వాల్చి చూపించాను.

"నోర్ముయ్యవే దొంగమొహమా!" ఆ మాటకి దుబాసీ అక్కర్లేకపోయింది.

గ్లాసు ఇచ్చారు. నాయనమ్మ పంతం కొద్దీ ఎత్తి పోసుకుంది. చుక్క కింద పడలేదు. తెరమీద నల్లటి ధార రెండుగా చీలి, సగం ముందున్న గాలిగొట్టంలోకి దిగిపోయింది. ఆవిడ దగ్గలేదు. మూతి తుడుచుకుని, "పొలమారిందా?" అంది. అదే చెప్పాను.

"అదేనమ్మా ఇబ్బంది. అటు పోతే దగ్గొచ్చి బయటికి తోసెయ్యాలి. మీకా దగ్గే రావట్లేదు" అంది డాక్టరమ్మ. హయాత్ గారు మళ్లీ వేసి చూపించారు. నాయనమ్మ తన మెడ ఎముకల్ని చాలాసేపు చూసింది. నాకు పొలమారడం ఆగిందని మేం సంతోషపడ్డ రోజులు గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఇప్పుడు గడ్డం గుండెకేసి వంచి, గ్లాసు పెదాలకి ఆనించి కొద్దిగా తాగండి" అంది డాక్టరమ్మ.

నాయనమ్మ కదల్లేదు.

"కొత్త గ్లాసేనమ్మా" అన్నారు హయాత్ గారు.

"అరవై ఎనిమిదేళ్లొచ్చాక కుడితి తాగే గొడ్డులా మూతి పెట్టాలా?" అంది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

"గొట్టమైతే మూతి పెట్టే పనే ఉండదు" అంది డాక్టరమ్మ.

గ్లాసు అందుకుని, "అందరూ అటు తిరగండి" అంది నాయనమ్మ. నేను చెప్పాక అందరం తిరిగాం. అటు ఉన్నది తెరే. గడ్డం వంగింది, నల్లటి గుటక ఒక్క క్షణం తటపటాయించి వెనకదారిలోకి దిగింది. జావలా చిక్కగా కలిపిందీ అటే పోయింది.

"గొట్టం ఇప్పుడే వద్దు. పల్చటివి మానండి, తల వంచే మింగండి. జబ్బు ఆగదు, ఇదీ ఎల్లకాలం పనిచెయ్యదు" అంది డాక్టరమ్మ.

పదమూడు నెలలు పనిచేసింది. గోడవైపు తిరిగి తాగేది, మావైపు తిరిగి తినేది. ఒక్కో పూట గంట పట్టేది. పద్నాలుగో నెలలో మళ్లీ ఎక్స్‌రే తీస్తే జావ కూడా గాలిగొట్టంలోకి జారింది. ఎవరూ చెప్పకముందే తెర చూసి తనే తల ఊపింది. మాట పూర్తిగా పోయింది గనక ఒక వేలెత్తింది. పొట్టకి గొట్టం పెట్టడానికి ఒక్కరోజు ఆగమని.

ఆ సాయంత్రం వేలికొసతో రవ్వంత పండుమిరపకాయ పచ్చడి నాలుక్కి రాశాను. రుచి చూసి ఉమ్మెయ్యమన్నాను. కళ్లు మూసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. తర్వాత నావైపు ఉరిమి చూసి, గడ్డం వంచి మింగింది.

దగ్గు రాలేదు. ఎటు పోయిందో చూడ్డానికి ఇంట్లో తెర లేదు.