పద్నాలుగు తుమ్ములు

నవ్వమాకండి. నవ్వితే చెప్పను. పోయిన వారం మా బడికి తనిఖీకొచ్చిన సారు నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు, వరండా దాటాడు, గేటు దాటాడు, చివరికి రోడ్డు అవతల కాలవ గట్టు మీద నిలబడి నాతో మాట్లాడాడు. అంత భయంకరంగా ఉంటానా నేను? ఉండండి, మొదట్నుంచీ చెప్తా. కూర్చుని చెప్పడం నా వల్ల కాదు, మీరు టీ తాగండి, నేను నిలబడే చెప్తా. ఆ రోజు నుంచీ నాకు ఒక చోట కుదురుండటం లేదు.

మా బడి సంగతి మీకు తెలుసుగా. మాచవరం అవతల చిన్న పల్లె. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, టీచర్ని నేనొక్కదాన్నే. రిజిస్టర్లో పదహారు మంది. కరోనాకని మూసిన బడి పది నెలల తర్వాత తెరుస్తున్నారంటే నాకు నిద్ర పట్టలా. వారం ముందే పోయి బూజు దులిపించా. పిల్లలు దూరం దూరంగా కూర్చోవాలని నేల మీద సుద్దతో గుండ్రాలు గీశా. గుమ్మానికి మామిడాకులు కట్టా. సబ్బులు, శానిటైజరు, నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే గన్ను, అన్నీ రెడీ!

తొలిరోజు ఎంతమందొచ్చారు? నలుగురు. రెండో రోజు ముగ్గురు. నాలుగోవాడేడిరా అంటే, వాడు పది నెలల కిందట మర్చిపోయిన పలక కోసం వచ్చాడంట, తీసుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు నేను ఇంటికి చేరగానే సారు ఫోన్ చేశాడు. "మేడం, శుక్రవారం వస్తున్నా. పిల్లలు లేకపోతే మీ బడిని పక్కూరి బడిలో కలపమని రాయాల్సొస్తది" అన్నాడు. పక్కూరికి మూడు కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద పొద్దస్తమానం రాళ్ల లారీలు. ఆరేళ్ల పిల్ల ఆ రోడ్డున నడిచి బడికి పోతదా? ఏ తల్లి పంపుతది? వాళ్ల చదువు అక్కడితో సరి.

మరి మిగతా పిల్లలంతా ఎక్కడున్నారు? మిరప చేలో! కోతల కాలం గదా. తల్లులందరూ కూలికి పోతారు, ఇంటి దగ్గర చూసేవాళ్లు లేరు, ఇన్నాళ్లూ బడి లేదు. అందుకని వెంట తీసుకుపోతున్నారు. పిల్లలు అక్కడ చంటివాళ్లని ఆడిస్తారు, మంచినీళ్లు అందిస్తారు, చేతికందిన నాలుగు కాయలు కోస్తారు.

శుక్రవారం పొద్దున్నే ఏడింటికల్లా స్కూటీ వేసుకుని చేలోకి పోయా. ఆ కూలీల ముఠాకి పెద్ద మంగమ్మక్క. ఆమె మనవరాలు దుర్గ మా బళ్లో రెండో తరగతి. మంగమ్మక్క ఊ అంటే అందరూ పంపుతారు, ఊహూ అంటే ఒక్కరూ పంపరు.

"మంగమ్మక్కా, పిల్లల్ని పంపక్కా. ఇయ్యాల సారొస్తున్నాడు" అన్నా.

ఆమె వంచిన నడుం ఎత్తలా. "కోతలయ్యాక చూద్దాంలే టీచరమ్మా. అయినా ఏంది మీ బడి, ఇయ్యాల తీస్తారు, రేపు మూస్తారు. పిల్లలకి ఆ మాయదారి జబ్బు అంటుకుంటే పూచీ ఎవరిది?"

"నాది!" అన్నా. అక్కడితో ఆగొచ్చుగా? ఆగను. "తుమ్మేవాళ్లని, దగ్గేవాళ్లని గేటు లోపలికే రానీను. నా బళ్లో ఒక్క తుమ్ము వినపడితే ఆ నిమిషమే వచ్చి నీ మనవరాల్ని తీసుకుపో!"

ఎవరడిగారండీ నన్ను తుమ్ముల సంగతి? నా నోరు, నా ఖర్మ.

మంగమ్మక్క ఇప్పుడు నడుం ఎత్తి నన్ను ఎగాదిగా చూసింది. "సరే గానీ, ఊరకే నిలబడి చెప్తావేంది? ఈ సాలు మాతోపాటు కొయ్యి. మా పనీ సాగుద్ది, నీ మాటా వింటాం."

ఆడాళ్లంతా కిసుక్కున నవ్వారు. "పాపం, టీచరమ్మకి చేతులు మండవూ?" అంది ఒకావిడ.

అంతే, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "మాది ముప్పాళ్ల! మా నాన్న మూడెకరాలు మిరప వేసేవాడు. మీ అందరికంటే ముందు చివరికి పోతా, చూడండి!" అని కొంగు నడుముకి చుట్టి ఒడి కట్టా. మా నాన్న మూడెకరాలు వేసిన మాట నిజమే. నేను చేలోకి పోయింది మాత్రం ఆయనకి అన్నం క్యారియర్ ఇయ్యడానికి. అది వాళ్లకి చెప్పలేదులెండి.

సగం సాలుకే చెమటలు కారిపోయినయ్. మాస్కు తడిసి ముక్కుకి అతుక్కుపోయింది, ఊపిరాడలా. తీసి ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్లో కాయల మీదే పడేశా. కోసేదాన్ని కోస్తున్నా, వెనక్కి చూస్తే దుర్గ నేను వదిలేసిన కాయలు ఏరుకుంటూ వస్తోంది. "టీచర్, ఎర్రయి వదిలేసి పచ్చియి కోస్తున్నారు" అంది. చూశారా, పది నెలలు బడికి రాకపోయినా నా తప్పులు దిద్దడం మాత్రం నేర్చుకుంది.

ఎలాగో సాలు అయిందనిపించి, పక్కనే కళ్లం ఉంటే పోయి ఒడి దులిపేశా. అప్పుడు గుర్తొచ్చింది మాస్కు! కళ్లం నిండా ఎండిన కాయ, గలగలమంటోంది. రెండు చేతులా తవ్వా. దొరికింది. మోకాలికేసి నాలుగు దెబ్బలు కొట్టి, గింజలు రాల్చి, హ్యాండ్‌బ్యాగులో పడేశా.

మంగమ్మక్క మాట తప్పలా. తొమ్మిది మందిని పంపింది. స్కూటీ నెట్టుకుంటూ ముందు నేను, వెనకాల వరసగా పిల్లలు. బడి దగ్గర కనిపెట్టుకుని ఉన్న ముగ్గురితో కలిపి పన్నెండు! నాకు కాళ్లు నేల మీద నిలవలా. అందరితో సబ్బు పెట్టి చేతులు కడిగించా. నేను మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కున్నా, మొహం కడుక్కున్నా. ఎంత జాగ్రత్తో చూశారా! అన్నీ గుర్తున్నయ్. ఒక్కటి తప్ప.

పదింటికి సారొచ్చాడు. మొహానికి ప్లాస్టిక్ అద్దం, దాని కింద మాస్కు, చేతులకి గ్లౌజులు. పెన్ను కూడా ప్లాస్టిక్ కవర్లోంచి తీశాడు. మనిషి మంచివాడే గానీ భయస్తుడు. నన్ను చూడగానే "మేడం, మాస్కేది?" అన్నాడు.

"సారీ సార్!" అని గబగబా బ్యాగులోంచి తీసి తగిలించుకున్నా. కొంచెం వెచ్చగా అనిపించింది. ఎండలో స్కూటీ మీద ఉందిగా బ్యాగు, అందుకేలే అనుకున్నా.

సారు పిల్లల్ని లెక్కపెట్టి తలూపాడు. నాకు హమ్మయ్య అనిపించింది. ముందు గుండ్రంలో కూర్చున్న దుర్గని లేపి "అంకెలు చెప్పమ్మా" అన్నాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు... పది!"

"మరి మధ్యలోవి?"

"అయ్యి లాక్‌డౌన్‌లో పోయినయ్ సార్" అంది.

సారు నా వంక తిరిగాడు. నేను జవాబు చెప్దామని గట్టిగా ఊపిరి పీల్చా. అదీ నేను చేసిన పని!

హాచ్!

సారు కుర్చీ వెనక్కి జరిగింది. "ఏం లేదు సార్" అందామని మళ్లీ ఊపిరి తీసుకున్నా. హాచ్! హాచ్! కళ్లలో నీళ్లు ధారలు. ముక్కు మంట, గొంతు మంట. సారు లేచి వరండాలోకి పోయాడు. నేను చెప్దామని వెనకాలే పోయా. "రాకండి! అక్కడే ఉండండి!" అని మెట్లు దిగాడు.

"మి... మి... మిర..." అంటున్నా, దగ్గు తెర! మాస్కు పీకేద్దామని చెయ్యి పెట్టా. "తీయకండి మేడం! మాస్కు తీయకండి! ఇంకా పైకి లాక్కోండి!" అని కేక. పై అధికారి చెప్తే వినడం అలవాటైన ప్రాణం గదా, కళ్ల దాకా లాక్కున్నా. ఇంక చూడండి నా తిప్పలు! కళ్లు కనపడక గంట కొట్టే ఇనప ముక్కకి తల గుద్దుకుంటే అది ఠంగుమంది. బడి వదిలారనుకుని పిల్లలు లేచి పరిగెత్తారు!

వంట చేసే కోటేశ్వరమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది, నన్ను చూసింది. "ఓరి నాయనో! టీచరమ్మకి కరోనా!" అని అదే గరిటెతో చేల వైపు ఉరికింది. ఆ పల్లెలో ఫోన్ సిగ్నల్ ఉండదు గానీ కోటేశ్వరమ్మ ఉంది. పది నిమిషాల్లో మంగమ్మక్క దిగింది. "మిరపకాయ ఘాటక్కా!" అని మొత్తుకున్నా. "ముప్పై ఏళ్ల నుంచి ఆ కాయలోనే బతుకుతున్నాం, మేం తుమ్ముతున్నామా? నీ మాటే గదా, ఒక్క తుమ్ముకి తీసుకుపొమ్మంది" అని తొమ్మిది మందినీ తోలుకుపోయింది. మిగతా ముగ్గురూ వాళ్ల వెనకాలే.

కాలవ గట్టు మీంచి సారు అరిచాడు. "టెస్టు చేయించుకోండి! సోమవారం వస్తా! అప్పటికి పిల్లలుండాలి!" మిరపకాయ సంగతి సాయంత్రం ఇంటి నుంచి ఫోన్లో చెప్తే "అందరూ ఏదో ఒక కారణం చెప్తారు మేడం" అన్నాడు.

ఆ రోజే ముక్కులో పుల్ల పెట్టించుకుని పిడుగురాళ్లలో ఇంటికి పోయా. రెండు రోజులు గదిలోనే! ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగా. మా ఆయన అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి చీపురు కర్రతో లోపలికి నెట్టేవాడు. పెళ్లయి పన్నెండేళ్లు! అది కూడా నాకు బాధ అనిపించలా. దుర్గ ఒక్కతే కళ్ల ముందు. ఆ పిల్లకి ఐదు దగ్గర ఆగిపోయిన అంకెలు జన్మంతా అక్కడే ఆగిపోతాయా, అదీ నా నోటి దురద వల్ల, అని ఒకటే గాబరా. ఆదివారం సాయంత్రం మెసేజ్ వచ్చింది. నెగిటివ్!

సోమవారం పొద్దున్నే మళ్లీ చేలో ఉన్నా. ఫోన్ చూపించా. "చూడక్కా, ఏమీ లేదని వచ్చింది."

మంగమ్మక్క ఫోన్ వంక కూడా చూళ్లేదు. "ఫోన్లో ఏమన్నా వస్తది. పది నెలలు ఫోన్లో బడి అన్నారు, వచ్చిందా?"

ఫోన్ బ్యాగులో పడేశా. ఆమె కళ్లం వైపు నడిచింది. "ఆ జబ్బుంటే వాసన తెలీదంట గదా?" అని నాలుగు ఎండు కాయలు తీసుకుని, అరచేతుల్లో నలిపి, నా ముక్కు కింద పెట్టింది. "పీల్చు."

"అక్కా..."

"పీల్చమంటుంటే!"

పీల్చా. హాచ్! చుట్టూ ఆడాళ్లు, పిల్లలు. "ఒకటి!" అంది దుర్గ. హాచ్! "రెండు!" పిల్లలంతా అందుకున్నారు. మూడు, నాలుగు, ఐదు... అక్కడ నేను మంట కూడా మర్చిపోయా. పది అంటుందేమోనని ఆ పిల్ల మొహమే చూస్తున్నా. హాచ్! "ఆరు!" అంది. పక్కనున్న ఐదో తరగతి పిల్ల అందించిందో, దానికదే గుర్తొచ్చిందో, అక్కడ్నుంచి ఆగలా. ఏడు, ఎనిమిది, తొమ్మిది! నేను తుమ్మేకొద్దీ దుర్గ గెంతుతోంది. పదకొండు, పన్నెండు! "ఇంకోటి టీచర్, ఇంకోటి!" పద్నాలుగు దగ్గర నా ఒంట్లో సత్తువ అయిపోయి కళ్లంలోనే చతికిలబడ్డా. ఏడ్చేశా. కారానికి కొంత, మిగతాది నిజంగానే.

మంగమ్మక్క నా చేతికి నీళ్ల చెంబు ఇచ్చింది. "ఏమే దుర్గా, నీకు ఇన్ని అంకెలొచ్చా?" అంది మనవరాలితో. తర్వాత నా వైపు తిరిగి "తీసుకుపో తల్లీ" అంది. ఆ మాటకి స్కూటీ ఎలా నెట్టానో నాకే తెలీదు.

పదింటికి సారొచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి నన్ను అనుమానంగా చూశాడు. కొత్త మాస్కు వేసుకున్నా, నిమ్మళంగా నిలబడ్డా. పిల్లలు పన్నెండు మందీ ఉన్నారు. సారు దుర్గని లేపాడు. అది చేతులు కట్టుకుని ఒకటి నుంచి పద్నాలుగు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"శభాష్!" అన్నాడు సారు. బడి ఉంటుందని రాసుకుని పెన్ను కవర్లో పెట్టుకుంటూ "మరి పద్నాలుగు తర్వాత ఎంతమ్మా?" అని అడిగాడు.

"తెలీదు సార్. మా టీచర్ అంతదాకే తుమ్మింది."

సారు చప్పున రెండడుగులు వెనక్కేశాడు.

అదండీ సంగతి. నాకు పదిహేనేళ్ల సర్వీసు. చార్టులు, చింతగింజలు, పూసల చట్రాలు, ఎన్ని ట్రైనింగులు! చివరికి పనికొచ్చింది నా ముక్కు. ఈ నెలాఖరుకి రెండో తరగతికి వంద దాకా రావాలి. ఆ పాత మాస్కు ఇంకా బ్యాగులోనే ఉంది. ఉతకలేదు.