ఫ్లెక్సీ మీద మొహం

పరీక్ష మార్కులు జూన్ ఆఖర్లో వస్తాయి. ఎవరికి ఏ సీటో తేల్చే కటాఫ్‌లు ఆగస్టు చివరిదాకా రావు. ఆ మధ్యకాలంలో గ్రీసులోని సెర్రెస్ ఊళ్లో బుద్ధున్నవాడెవడూ నోరు విప్పడు. కోచింగ్ సెంటర్ నడిపే పొలిక్సేనికి అంత ఓపిక ఎక్కడిది? అవతలి కోచింగ్ సెంటర్‌వాళ్లకంటే ముందే తన ఫ్లెక్సీ వీధికి ఎక్కాలని, నిరుటి కటాఫ్ చూసుకుని జూలైలోనే అచ్చు వేయించింది. అందులో అందరికంటే పెద్ద ఫొటో మేనకోడలు ఎవాంథియాది. కింద ఎర్రటి అక్షరాలతో 'మెడిసిన్'.

ఆ ఏడు కటాఫ్ పెరిగింది. ఎవాంథియాకు సీటు పోయింది.

అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు. కటాఫ్ వచ్చిన రోజు మధ్యాహ్నానికల్లా ఒకతను నిచ్చెనేసుకుని ఆమె మొహం మీద ఇంకెవరో కుర్రాడి మొహం అంటించాడు. ఎదురుగా ఆమె తండ్రి థ్రాసోస్ నడిపే బుగాత్సా పేస్ట్రీల కొట్టు. చేతిలో ఎంగిలి పళ్లేలతో గుమ్మంలోంచే అదంతా చూసింది ఎవాంథియా.

"అత్తా, చీకటి పడేదాకా ఆగొచ్చుగా."

"అందాకా నీ మొహం చూసి జనం నవ్వుతుంటే బావుంటుందా? నీ మంచికేనే. ఇంకోమాట, మా సెంటర్లో చదివానని ఎక్కడా అనకు."

మర్నాటి నుంచి కొట్లో అదే తంతు. "డాక్టరమ్మగారూ, మోకాలు సలుపుతోంది, కాస్త చూద్దురూ" అని ఒకడు. "ముందు ఆ టేబుల్ తుడవనీరా, తర్వాత ఆపరేషన్ చేస్తుంది" అని ఇంకొకడు. థ్రాసోస్ కూడా వాళ్లతోపాటు నవ్వేవాడు. ఎవాంథియాకు అందరికంటే తండ్రి నవ్వే ఎక్కువ మండేది.

బల్గేరియాలో మెడిసిన్‌కి రాస్తానని చెప్పినప్పుడు కొట్టంతా గొల్లుమంది. శనివారం శనివారం సరిహద్దు దాటి అక్కడి డాక్టర్ల దగ్గర పళ్లు కట్టించుకొచ్చి, ఆ పళ్లతోనే ఇకిలించే ఊరిది.

"సరే, ఒక్కసారి రాయి. ఈసారీ పోయిందా, ఈ ట్రే జన్మంతా నీదే" అన్నాడు తండ్రి.

ఆ ఏడాదంతా ఆమెకు తోడున్నది మిర్సీని ఒక్కతే. అత్త సెంటర్లోనే చదివే పిల్ల, ఎవాంథియాకంటే ఏడాది చిన్న. రోజూ వెనక వంటగదిలోకి వచ్చి, పిండి బల్ల మీద కెమిస్ట్రీ నోట్సు పరిచి, అక్కడి పరీక్ష ఇంగ్లీషులో కాబట్టి ఇంగ్లీషులోనే ప్రశ్నలడిగేది.

"చదువక్కా. నువ్వు పరీక్ష తప్పితే ఆ భయానికి నేనూ తప్పుతాను" అనేది నవ్వుతూ. ఆ నవ్వొక్కటే ఎవాంథియాకు గుచ్చుకునేది కాదు.

మరుసటి వేసవిలో బల్గేరియాలోని ప్లోవ్‌డివ్‌లో ఎవాంథియాకు సీటు వచ్చింది. థ్రాసోస్ వచ్చినవాళ్లందరికీ ఊరికే బుగాత్సా పెట్టాడు. మోకాలు చూడమన్నవాడే లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

ఆగస్టులో కటాఫ్ మళ్లీ పెరిగింది. పొలిక్సేనికి నిరుడు తగిలిన దెబ్బ గుర్తుంటేగా! ఈసారీ ముందే అచ్చు వేయించి కట్టేసింది. 'మెడిసిన్' దగ్గర పెద్ద ఫొటో మిర్సీనిది. మిర్సీనికి సీటు రాలేదు.

అత్త హడావిడిగా కొట్లోకి వచ్చింది. "ఏమే బంగారం, నీ నిరుటి ఫొటో నా దగ్గరే ఉంది. అంటించేస్తాను. మెడిసినే కదా, ఏ దేశమని ఎవడడుగుతాడు?"

"ఎవరి మీద?"

"ఎవరిమీదైతే నీకెందుకు? రా."

ఎవాంథియా చేతులు తుడుచుకుని బయటికి నడిచింది. నిచ్చెన వేసే ఉంది. దాని పక్కన పుస్తకాల సంచీతో మిర్సీని నిలబడి ఉంది.

"అక్కా, చీకటి పడేదాకా ఆగమని మీ అత్తకు చెప్పవా? నువ్వు చెబితే వింటుంది."

నిజమే, వినేది. ఇవాళ ఎవాంథియా మాటకు ఆ వీధిలో ఎదురు లేదు. మిర్సీనిని చూస్తే జాలేసింది కూడా. కానీ పైన తన మొహం తన చోట్లో సర్దుకుంటోంది. కొట్టు ముందు జనం పోగై తలలెత్తి చూస్తున్నారు, ఒక్కడూ నవ్వడం లేదు. ఏడాదిగా ఆమె ఆకలంతా దీనికే.

ఆమె మిర్సీని వైపు తిరగలేదు. నిచ్చెన మీదున్నవాడితో అంది.

"ఆ మూల ఇంకాస్త గట్టిగా అదమండి. దాని జుట్టు కనిపిస్తోంది."